బాలగేయములలో రంగులు, ఋతువులు

తెలుగున బాలగేయములకు కొరత లేదు. వానిలో రంగులను గూర్చియు ఋతువులను గూర్చియు వ్రాసినవి మరీ ఎక్కువ. ఇది సహజమే. పసిబిడ్డకు లోకము మొదట కంటికి తోచు వెలుగుగా, ఒంటికి తగులు ఎండగా, వానగా, చలిగా పరిచయమగును. అర్థము తరువాత వచ్చును. కావున పిల్లలకై పాట కట్టబూనిన కవి తొలుత ఈ రెండు వస్తువులనే చేపట్టును. ఇవి తేలికయైన వస్తువులని తలచుట ఇందులకు రెండవ కారణము. ఈ రెండవ కారణమును గూర్చియే కొంత విచారింపవలసియున్నది. విఫలమైన రంగుల పాటయు పాఠ్యపుస్తకమున చేరి, బడిలో వల్లె వేయబడి, సఫలమైనట్లే కనబడుచుండును. పిల్లలు విమర్శ వ్రాయరు. పాట నచ్చనిచో మరచిపోవుదురు; అంతమాత్రమే వారి తీర్పు.

వాడుకలోనున్న ఒక మూసను పరిశీలింపవచ్చును. ఒక్కొక్క చరణమున ఒక్కొక్క రంగు; ఒక్కొక్క రంగునకు రెండు మూడు వస్తువులు. ఎరుపునకు మందారము, చిలుక ముక్కు. తెలుపునకు మల్లె, పాలు, కొంగ. నలుపునకు కాకి, కాటుక. కడపటి చరణమున రంగులన్నియు కలిసి ఇంద్రధనుస్సగును. ఆ ఇంద్రధనుస్సు ఐకమత్యమును బోధించును. ఋతువుల పాటకును ఇట్టి మూసయే కలదు. ఆరు చరణములు, ఆరు ఋతువులు. వసంతమున కోకిల, శరత్తున వెన్నెల, శిశిరమున రాలిన ఆకులు. కడపట కాలము విలువ. ఇట్టి పాటలలో తప్పుమాట ఒక్కటియు నుండదు. వానిలో చూచినవాడును ఉండడు. మందారమును ఎవరు చూచిరి, ఏ పెరటిలో, ఏ పూట అను ప్రశ్నలకు వానియందు సమాధానము దొరకదు. అవి పట్టికలు, పట్టికకు తాళము కట్టినంత మాత్రమున పాట కాదు.

ఈ మూస ఇంతకాలము నిలుచుటకు ఛందస్సులోనే ఒక కారణము కలదు. తెలుగు పలుకుబడిలో మొదటి వరుసకు చెందిన రంగుల విశేషణములు నాలుగు: ఎర్రని, తెల్లని, నల్లని, పచ్చని. ఈ నాలుగును భగణములే. ఒక గురువు, రెండు లఘువులు, మొత్తము నాలుగు మాత్రలు. పిల్లల పాటలలో మిక్కిలిగా వాడబడు చతురస్రగతికి ఇవి కొలిచి కోసినట్లు సరిపోవును. నామపదమునకు ముందు నాలుగు మాత్రలు తక్కువైన ప్రతిచోటను కవి చేతికి ఒక రంగు సిద్ధముగా దొరకును. ఇంకను నాలుగు కావలసినచో పచ్చని పచ్చని యని రెట్టింపవచ్చును. ఇట్లు రంగు చూపునకై గాక లయను పూరించుటకై వచ్చి చేరుచున్నది. దీనిని పరీక్షించుట కష్టము కాదు. పాటనుండి రంగుమాటను తీసివేసి, తాళము తప్పుట గాక మరేమి నష్టమైనదో చూడవలెను. ఏమియు నష్టము కాకున్నచో, ఆ రంగు ఆ పాటలో మొదటినుండియు లేదనియే చెప్పవలెను.

రంగులను గూర్చి తెలుగు భాష కవికి చేయు నిజమైన సాయము వేరుచోట నున్నది. తెలుగువారు రంగును తరచుగా వస్తువును చూపి చెప్పుదురు. మావిచిగురు రంగు, వంకాయ రంగు, నేరేడు రంగు, ఉల్లిపొర రంగు, ఇటుక రంగు, చిలుకపచ్చ, నెమలికంఠము రంగు – ఇవి నేటికిని చీరల అంగడిలో వినబడు మాటలు. వీనిలో ఏ ఒక్కటియు గాలిలో తేలునది కాదు. ప్రతి పేరు వెనుక ఒక చెట్టో, పిట్టయో, వంటింటి వస్తువో కలదు. వానిలో కొన్ని ఏడాది పొడవునను కంటబడునవి కావు. మావి చిగురునకు ఒక కాలము, నేరేడు పండునకు ఒక కాలము. కావున రంగు పేరు చెప్పుటయే పలుమార్లు ఋతువును చెప్పుట యగుచున్నది. రంగులనియు ఋతువులనియు ఈ వస్తువును రెండుగా విభజించినవారు పెద్దలు. బిడ్డ అనుభవమున నేరేడు రంగు నాలుకపై నిలుచు తొలకరి.

ఈ సంగతిని 'పచ్చ' యను మాటకన్న చక్కగా చూపునది మరొకటి లేదు. గడ్డి పచ్చన, పసుపు పూసిన గడపయు పచ్చన. చిలుక రెక్క పచ్చన, తంగేడుపూవును పచ్చన. పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా తోచునని సామెత. అందలి పచ్చ పసుపు. పొలము పచ్చగా నున్నదన్నచో అది పైరు పచ్చ. విడదీయవలసి వచ్చినప్పుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ అందురు. విడదీయ నక్కరలేనప్పుడు ఒక్క మాటయే చాలును. భాషను పైపైన చూచువారికి ఇది లోపముగా తోచవచ్చును. కాని లేతయాకు పచ్చన, పండుటాకు పచ్చన అనునప్పుడు, ఆకు పుట్టుట మొదలు రాలుట వరకు గల కాలమంతయు ఒక్క మాటలో ఇమిడియున్నది. పండని కాయను పచ్చి యందురు. ఆ మాటయు దీని చుట్టమే. కాపురము పచ్చగా నుండవలెనని దీవింతురు. రంగు, కాలము, క్షేమము మూడును ఒక్క మూలమునుండి పలుకుచున్న ఇట్టి మాట చేతనుండగా, దానిని నాలుగు మాత్రల పూరణకు మాత్రమే వాడుట కవి చేయు దుబారా.

తెలుగునాట ఉన్నంతవరకు ఈ మాట ఎవరికిని చిక్కు కలిగింపదు. పొలిమేర దాటిన పిమ్మట చిక్కు బయటపడును. ఆ చిక్కులోనే బాలగేయమునకు గల అసలు బాధ్యత కూడ తెలియవచ్చును. అందులకు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బిలాస్‌పూర్ జిల్లాలోని కర్గీ రోడ్‌ను ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఇది బిలాస్‌పూర్ నుండి కట్నీ పోవు రైలుమార్గముననున్న స్టేషను. ఊరి పేరు కోటా. ఇచటినుండి ఉత్తరముగా పోవు బండి క్రమముగా అడవికొండలలో ప్రవేశించును. ఆ ప్రాంతముననే అచానక్‌మార్ అడవి కలదు. 2009లో అది పులుల సంరక్షణకేంద్రమైనది. దక్షిణమున బిలాస్‌పూర్, 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానము. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండియు ఉత్తరాంధ్రపు తెలుగువారు ఈ వైపునకు ఉద్యోగములకై వచ్చుచుండిరి. 1931లో విజయనగరము, రాయపూరుల నడుమ మార్గము పూర్తియైన పిదప రాకపోకలు మరింత సులభమైనవి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో తెలుగు తరతరములుగా వినబడుచున్న భాష.

ఇట్టి చోట రైల్వే ఉద్యోగి యింట పెరుగు తెలుగు బిడ్డ నొకనిని ఊహించుకొనవచ్చును. వానికి వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, ఇంట తెలుగు. బడిలో 'హరా' ఒక రంగు, 'పీలా' వేరొక రంగు. ఇంటిలో అమ్మమ్మ రెంటిని పచ్చ యనును. రైలుకట్ట చెంత సిగ్నలు దీపములు కలవు: ఎరుపు ఆగుమనును, పసుపు జాగ్రత్తగా రమ్మనును, ఆకుపచ్చ పొమ్మనును. ఆ వృత్తిలో ఆకుపచ్చకును పసుపునకును గల భేదము ప్రాణములతో ముడివడినది. రంగులను తప్పక గుర్తింపగల చూపున్నదని పరీక్షించి గాని బండి నడుపువానిని పనిలోనికి తీసికొనరు. తండ్రి వృత్తి రెంటిని విడదీయుమనుచున్నది. అమ్మమ్మ మాట రెంటిని కలుపుచున్నది. బడి తండ్రి పక్షము. అప్పుడు బిడ్డకు అమ్మమ్మ భాష పొరపాటు భాషగా తోచుట ఎంత సులభము! ఆ తప్పు కాని తప్పును నవ్వుతో, ప్రేమతో విప్పి చూపగల పాట యొకటి వానికి దొరకినచో, తన భాష చూపులో తక్కువది కాదనియు, అది వేరొకచోట నిలిచి చూచుచున్నదనియు గ్రహించును. ఉపన్యాసము ఆ పని చేయజాలదు.

ఋతువుల విషయమున ఆ బిడ్డ చిక్కు మరింత గాఢమైనది. కోటాలో, దాని చుట్టుపట్ల ఊళ్ళలో హరేలీ యను పండుగ జరుగును. 'హరా' యనగా ఆకుపచ్చ; పండుగ పేరులోనే రంగున్నది. ఆనాడు రైతులు నాగలి మొదలైన పనిముట్లను కడిగి పూజింతురు. గుమ్మములకు వేపకొమ్మలు కట్టుదురు. పిల్లలు 'గేడీ' యను వెదురు మరకాళ్ళపై నడచి ఆడుకొందురు. అక్కడివారి లెక్కలో అది శ్రావణ అమావాస్య. తెలుగు పంచాంగమున ఆ దినమే ఆషాఢ అమావాస్య. చుక్కల అమావాస్య యని తెలుగువారు పిలుచునదియు అదియే. ఉత్తరాదివారికి పున్నమితో నెల ముగియును, తెలుగువారికి అమావాస్యతో ముగియును. కావున కృష్ణపక్షమంతయు ఆ బిడ్డ వీధిలో ఒక నెలలోను, ఇంటిలో వేరొక నెలలోను నివసించుచుండును. పంచాంగకర్తకు ఇది గణితభేదము. బిడ్డకు ఇది అద్భుతము: గుమ్మము దాటినచో నెల మారును. ఇట్టి వస్తువు కాళ్ళ చెంత నుండగా, బాలగేయము ఆమని, కోకిల యని పాత పట్టికనే తిరిగి చదువుట ఏల?

ఋతువులెన్ని యను ప్రశ్నకే తెలుగు బిడ్డకు మూడు సమాధానములు చెప్పబడుచున్నవి. పంచాంగము ఆరు అనును. ఇంగ్లీషు పాఠ్యపుస్తకము నాలుగు అనును. ఇంటిలోని పెద్దలు ఎండాకాలము, వానాకాలము, చలికాలము అని మూడే చెప్పుదురు. ఈ మూడింటిలో బిడ్డ ఒంటితో ఎరిగినవి కడపటివే. ఆరు ఋతువులు అసత్యములు కావు. కాళిదాసు ఋతుసంహారమును ఆరు సర్గలుగా రచించి, గ్రీష్మముతో ఆరంభించి వసంతముతో ముగించెను. ఆ క్రమమునందు మండుటెండనుండి చల్లదనమునకు, ఎడబాటునుండి కూడికకు సాగు ఒక శృంగారభావన కలదు. అది యౌవనవంతుల క్రమము. ఎనిమిదేండ్ల బిడ్డకు ఋతువు ప్రియాసమాగమముతో మారదు. బడి సెలవులతో, గొడుగుతో, దుప్పటితో మారును.

ఇంగ్లీషునుండి వచ్చు నాలుగు ఋతువులలోని ఇబ్బంది వేరు. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1885లో ప్రకటించిన బాలగేయసంపుటిలో, వేసవిలో ఇంకను వెలుగుండగానే పడుకొనవలసివచ్చినదని బిడ్డ మొరపెట్టుకొను పాట యొకటి కలదు. అది స్కాట్లండు బిడ్డ నిజమైన ఫిర్యాదు. ఆ అక్షాంశమున వేసవి సాయంకాలము ముగియనే ముగియదు. దాని గొప్పతనము ఆ నిజములోనే యున్నది. ఇరువది రెండవ అక్షాంశమునకు చేరువలోనున్న కర్గీ రోడ్‌లో గాని, ఇంకను దక్షిణముననున్న గుంటూరులో గాని, వేసవిలో బిడ్డ ఫిర్యాదు పూర్తిగా వేరు: మధ్యాహ్నము వీధిలోనికి పోనీయరు. ఎండ వడగాలియై తలుపుల వెలుపల కాచుకొనియుండగా చీకటి గదిలో బలవంతముగా పడుకొనుట తెలుగు బిడ్డ వేసవి. స్టీవెన్‌సన్‌ను అనువదించిన కవి స్కాట్లండు సాయంకాలమును తెచ్చెను. స్టీవెన్‌సన్ చేసిన పనిని చేసినచో ఈ మధ్యాహ్నమును తెచ్చియుండును. అనుకరింపదగినది ఆయన చూపు. ఆయన ఆకాశము కాదు.

పుస్తకపు ఋతువునకును చెట్టు ఋతువునకును గల దూరమును మోదుగ చక్కగా చూపును. తెలుగు లెక్కలో మాఘ ఫాల్గుణములు శిశిరము; శిశిరమనగా ఆకురాలు కాలమని, వెలితి కాలమని పాటలలో వర్ణించుట పరిపాటి. కాని ఆ ఫాల్గుణమాసముననే మోదుగ ఆకు రాల్చిన కొమ్మలపై మంటవలె పూచును. పిమ్మట కొద్దిదినములకే ఇప్పపూలు రాలనారంభించును. అడవిపల్లెలవారు వేకువనే బుట్టలతో పోయి వానిని ఏరుకొందురు. మధ్యభారతపు అడవులలో ఆకులేని దినములే రంగుల దినములు. మోదుగను హిందీలో పలాశ్ అందురు, ఇప్పను మహువా అందురు. కర్గీ రోడ్ బిడ్డకు ఈ రెండు చెట్లును నిత్యము కంటి యెదుట నున్నవి; వాని తెలుగు పేర్లు మాత్రము వాని చెవిని పడుటకు పాట తప్ప మరొక దారి కానరాదు. మోదుగ తెలుగుమాట, ఇప్ప తెలుగుమాట. తెలంగాణపు అడవులలో, ఉత్తరాంధ్రపు మన్యములో ఇవి నిత్యవ్యవహారములో నున్నవి. ఈ మాటలు దేశాంతరమునకు పోయి క్రొత్తగా కుదురుకొనవలసిన అవసరము లేదు. చెట్టు అచట ముందే యున్నది. పేరు మాత్రమే చేరవలెను.

రంగును, ఋతువును, మాటను ఒక్కచోట కూర్చిన వస్తువు మరియొకటి కలదు. అది ఆరుద్ర పురుగు. తొలివానలు పడిన పిదప తడినేలపై ముఖమలు గుండీవలె ఎర్రగా కనబడి, కొద్దిదినములకే మాయమగు చిన్న జీవి యిది. రైతుల కార్తెలలో ఆరుద్ర జూన్ నెల మూడవ వారము దాటిన తరువాత వచ్చును. పురుగునకు ఆ కార్తె పేరే పెట్టిరి. అనగా దాని పేరు ఋతువు, దాని రూపము రంగు. సంస్కృతమున దీనిని ఇంద్రగోపమందురు, హిందీలో బీర్‌బహూటీ. ఛత్తీస్‌గఢ్ నేలపైనను తొలివానకు ఇది కనబడును. కాళిదాసు వర్షావర్ణనమున, ఇంద్రగోపములతో నిండిన భూమిని రత్నభూషణములు ధరించిన కాంతతో పోల్చెను. అది మహాకవి చూపు. దూరమున నిలిచి నేలనంతటిని ఒక్కసారి చూచు చూపు. బిడ్డ చూపు అట్టిది కాదు. బిడ్డ గొంతుకూర్చుండి, ఒక్క పురుగును అరచేత నెక్కించుకొనును. అది కాళ్ళు ముడుచుకొని కదలకుండును. చచ్చినదా? బ్రతికియున్నదా? బిడ్డ ఊపిరి బిగపట్టి చూచును. కొంతసేపటికి అది మెల్లగా కాళ్ళు చాచి నడచును. ఆ నిరీక్షణము బాలకవిత్వము. అచట ఎరుపును వర్ణింపనక్కరలేదు. అరచేతిలోని ఆ భారములేని బరువును చెప్పినచో ఎరుపు దానంతట అదియే కనబడును.

పెద్దల కవిత్వమునందును తెలుగువారికి ఇట్టి దగ్గరిచూపు క్రొత్త కాదు. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు వానకాలమును వర్ణించునప్పుడు మేఘములతో, మెరుపులతో తృప్తిపడక, తడిసిన కట్టెలతో పొయ్యి రాజవేయలేక గృహిణి పడు పాట్లను కూడ చూచెను. చక్రవర్తి వంటింటి పొగను చూడగలిగినప్పుడు, బాలగేయకర్త బిడ్డ అరచేతిని చూడలేకపోవుటకు కారణము లేదు.

జానపదుల పాటలు ఈ విద్యను ఏనాడో ఎరిగియున్నవి. వానను పిలుచుచు చేతులు చాచి గిరగిర తిరుగు ఆటపాటలో వానను గూర్చిన వర్ణన యుండదు; తిరుగుటయే వాన. ఎండయు వానయు ఒక్కసారి వచ్చినప్పుడు నక్కలకు పెండ్లి యగునని పిల్లలు చెప్పుకొందురు. ఆకాశపు వింతకు అంతకన్న తగిన వ్యాఖ్య దొరకదు. తెలంగాణమున భాద్రపద అమావాస్యనాడు మొదలై దుర్గాష్టమితో ముగియు బతుకమ్మ పండుగలో తంగేడు, గునుగు, బంతి పూలు వరుసలుగా పేర్చబడును. తెల్లని గునుగును రంగులలో ముంచి క్రొత్తరంగులు చేయుదురు. పాడు పాటలలో చాల భాగము కథలు, ఆడవారి కష్టసుఖములు. రంగులను చెప్పవలసిన పని పాటకు లేదు; ఆ పని పూలును, పేర్చిన చేతులును చేసినవి. ఏది చెప్పవలెనో, ఏది వస్తువునకే విడిచిపెట్టవలెనో ఈ పాట లెరుగును.

లిఖితసాహిత్యమున ఈ మార్గము పూర్తిగా మూతపడలేదు. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రికను ఆరంభించిన పిదప, 1947లో 'చందమామ' వెలువడిన పిదప, తెలుగు బాలలకు తమదైన పఠనలోక మొకటి ఏర్పడినది. గిడుగు వెంకట సీతాపతి, చింతా దీక్షితులు, బి. వి. నరసింహారావు వంటివారు బిడ్డ పలుకుబడికి దగ్గరగా వచ్చి వ్రాసిరి. నండూరి రామమోహనరావు తన పిల్లల గేయముల సంపుటికి 'హరివిల్లు' అని పేరిడెను. ఆ మాటను ఎన్నుకొనుటయే ఒక మంచి అభిరుచికి గుర్తు. ఇంద్రధనుస్సు అన్నచో పురాణము స్ఫురించును. హరివిల్లు అన్నచో పెరటిలోనుండి తలయెత్తిన బిడ్డ స్ఫురించును. ఏడు రంగుల వరుసను అప్పగించుట బడిపాఠము. సూర్యునికి వీపు చూపి నిలిచినచో గాని అది కనబడదనుట, సాయంకాలమైనచో తూర్పున వెదకవలెననుట, పరుగెత్తి పట్టబోయినచో అది కూడ జరిగిపోవుననుట బిడ్డ అనుభవము. పాట ఈ రెండవదానితోనే కుదురును.

వంగసాహిత్యమునుండి ఒక పాఠము నేర్వదగియున్నది. 1930లో వెలువడిన రవీంద్రనాథ ఠాకూరుని 'సహజ పాఠ్' అక్షరములు నేర్పు పుస్తకము. దానికి నందలాల్ బోసు వేసిన చిత్రములు నలుపు తెలుపులలోనే యున్నవి. ఐనను ఆ పుస్తకము చదివిన వంగబాలునికి పల్లె, నది, మబ్బు, శీతకాలపు పొద్దు రంగులతోనే జ్ఞప్తికి వచ్చును. నేడు తెలుగున అచ్చగుచున్న బాలల పుస్తకములలో బొమ్మలు రంగులమయములు. పాటలు మాత్రము కొన్నిచోట్ల వెలవెలబోవుచున్నవి. చిత్రకారుడు రంగులద్దును గదా యని కవి ఊరకుండుట ఒక కారణము కావచ్చును. 2010 నుండి కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్యమునకు ప్రత్యేక పురస్కారము ఇచ్చుచున్నది. తెలుగున తొలి పురస్కారము కలువకొలను సదానంద 'అడవి తల్లి'కి లభించినది. గౌరవము పెరిగిన కొలది పరీక్షయు కఠినము కావలెను.

నీతి యను మరియొక చిక్కు కలదు. రంగుల పాట చివర ఐకమత్యమును, ఋతువుల పాట చివర క్రమశిక్షణను తగిలించుట పరిపాటియైనది. ఇందులో సదుద్దేశము లేదనరాదు. కాని నీతి వచ్చిన క్షణముననే ప్రశ్న ఆగిపోవును. కర్గీ రోడ్‌లో 2006లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమునకు సి. వి. రామన్ పేరు పెట్టబడినది. రామన్ బాల్యము విశాఖపట్టణమున సముద్రతీరమున గడచినది. 1921లో ఓడప్రయాణమున మధ్యధరాసముద్రపు నీలిమను చూచి అది యేల నీలమని ప్రశ్నించుకొనెను. ఆ చింతనమే క్రమముగా 1928 నాటి ఆవిష్కరణమునకు దారి తీసెను. 1930లో నోబెల్ బహుమానము లభించెను. తన ఎనుబదవ యేట, 1968లో అహమ్మదాబాదున ఆకాశమేల నీలమని ఆయన ఉపన్యసించెను. బిడ్డ వేయు ప్రశ్నను జీవితమంతయు విడువనివాడు ఆయన. రంగుల పాట చివర నీతికి బదులు ఇట్టి ప్రశ్న నిలిచినచో, పాట ముగిసిన తరువాతను బిడ్డ మనసులో సాగుచుండును.

ఇచట రెండు ఆక్షేపణలు రావచ్చును. కర్గీ రోడ్ మోదుగను, హరేలీని, సిగ్నలు దీపములను గూర్చి వ్రాసిన పాట రేపల్లెలోని బిడ్డకు అర్థమగునా యనునది మొదటిది. మంచి పాటకు ఈ భయము అక్కరలేదు. రేపల్లె బిడ్డ మరకాళ్ళపై నడచు పిల్లలను ఎన్నడును చూడకపోవచ్చును. బురదలో కాలు పెట్టక ఎత్తున నడచుటలోని సరదా వానికి చెప్పకయే తెలియును. ఒక బిడ్డ నిజముగా చూచినదానిని మరియొక బిడ్డ గుర్తించును. ఎవ్వరును చూడని సామాన్యవస్తువునే ఎవ్వరును గుర్తింపరు.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. దేశాంతరమున పెరుగు బిడ్డకు తెలుగునాటి ఋతువులను, గోదావరి వరదను, సంక్రాంతి ముగ్గులను చెప్పినచో గదా మూలములతో బంధము నిలుచును, అక్కడి చెట్లను గూర్చి అక్కడి భాషలో తెలియనే తెలియును గదా యని కొందరు అనవచ్చును. ఇందలి ఆవేదన నిజమైనది. సంక్రాంతి ముగ్గును ఆ బిడ్డ తప్పక ఎరుగవలెను. కాని తెలుగు కేవలము చూడని ఊరిని గూర్చి మాటలాడు భాష యైనచో, చూచుచున్న ఊరికి అది పనికిరాదని బిడ్డ నిశ్చయించుకొనును. కిటికీలోనుండి కనబడు చెట్టునకు హిందీ పేరు, అమ్మమ్మ జ్ఞాపకములోని చెట్టునకు తెలుగు పేరు అని పంపకము జరిగినచో, అమ్మమ్మతోపాటు ఆ పేరును వెడలిపోవును. తరువాత తెలుగు వంటింటికి, మందలింపులకు పరిమితమగును. ఆ పిమ్మట మందలింపులును హిందీలోనే జరుగును. భాష ఒక యింటినుండి తొలగిపోవుట ఇట్లే, ఒక్కొక్క చెట్టు పేరుతో, ఒక్కొక్క రంగు పేరుతో జరుగును. దానిని బాలగేయ మొక్కటియే ఆపగలదనుట అతిశయోక్తి. ఐనను ఐదారేండ్ల ప్రాయమున, చదువక ముందే, బిడ్డ నోటిలో నిలుచు సాహిత్యము అదియొక్కటే.

కావున రంగుల పాట వ్రాయబూనిన కవి చేయదగిన పని చిన్నదియే. ఆరు ఋతువుల పట్టికను పక్కనబెట్టి, ఒక్క ఊరిలో, ఒక్క పూట, ఒక్క వస్తువును చూడవలెను. దానికి తెలుగువాడుకలో పేరేమో వెదకవలెను. ఆ పేరులో రంగు దాగియున్నచో ఎర్రని, పచ్చని యను భగణముల అవసరము తీరును. దేశాంతరముల తెలుగువారున్న ప్రతిచోటను, ఖరగ్‌పూరున, బిలాస్‌పూరున, బళ్ళారిలో, ఈ పని చేయవలసినవారు అచటి తెలుగు రచయితలే. వారు తమ నేల ఋతువులను తెలుగున పలికినప్పుడు తెలుగు బాలసాహిత్యపు ఎల్లలు వాటంతట అవియే జరుగును.

కర్గీ రోడ్ స్టేషనులో ఆగిన బండి కదలుటకు ముందు వెనుకపెట్టెనుండి గార్డు – 2022 నుండి ఈ ఉద్యోగమునకు ట్రైన్ మేనేజర్ అని పేరు – జెండా చూపును. దానిని తెలుగువారు పచ్చజెండా యందురు. అచట ఆ మాటకు పసుపను అర్థము ఎవ్వరికిని తోచదు. సందర్భమే రంగును నిర్ణయించినది. ప్లాటుఫారముపై నిలిచిన తెలుగు బిడ్డ ఆ జెండాను చూచి, ఆవలనున్న వరిమడిని చూచి, ఇంటి గడపను తలచి, మూడింటిని ఒక్క మాటతో పిలువగలిగినప్పుడు ఆ మాట వానిదగును. ఆ క్షణమున వానికి తోడుగా పాడుకొనదగిన పాట తెలుగున ఎవరో ఒకరు వ్రాసియుండవలెను.